పిట్ట ముట్టలేదు

మాల తీయడానికి ఊరంతా వచ్చింది గానీ, మాల మెడలో ఉన్నవాడే ఒప్పుకోలేదు.

శబరిమల నుంచి తిరిగొచ్చిన బస్సు పొద్దున్నే మక్తల్ దాటి ఊళ్లోకి వచ్చింది. ఆంజనేయుడి గుడి పక్కనున్న రేకుల షెడ్డే స్వాముల సన్నిధానం. నల్లబట్టలవాళ్లంతా అందులో వరసగా నిలబడ్డారు. తల్లులున్నవాళ్లకు తల్లులు, లేనివాళ్లకు గురుస్వామి వీరేశం, కొబ్బరికాయ కొట్టి మాల తీస్తున్నారు. మాల మెడ దాటిందో లేదో ఒక్కొక్కడి ముఖంలో బడి వదిలిన పిల్లల సంబరం. ఒకడైతే మాల ఇంకా చెవి దగ్గర ఉండగానే పెళ్లాన్ని "కోడి కోసినవా?" అని అడిగాడు. మెల్లగానే అడిగాననుకున్నాడు. షెడ్డు మొత్తానికి వినిపించింది. దేవుడికీ వినిపించే ఉంటుంది, గోడమీద పటం అప్పటికే ఒక పక్కకు ఒరిగి ఉంది.

పరమేష్ వంతు వచ్చింది. తల్లి అండాలు పొట్టి మనిషి. చేతులు పైకెత్తి నిలబడింది.

"వంగు బిడ్డా."

అతను వంగలేదు. రెండు చేతులతో మాల పట్టుకున్నాడు.

"వద్దమ్మా. నేను తియ్య."

జనం నవ్వారు. అలవాటైన పరాచికం అనుకున్నారు. ఇత్తడి పళ్లెం పట్టుకుని వెనక నిలబడ్డ కోమల మాత్రం నవ్వలేదు. మార్కెట్ యార్డులో కందుల బస్తాకు కొక్కెం వేసి లాగేటప్పుడు మొగుడి వేళ్లు ఎట్లా తెల్లబడతాయో ఆమెకు తెలుసు. ఇప్పుడు అట్లా తెల్లబడి ఉన్నాయి.

"స్వామీ, గట్లనొద్దు," అన్నాడు వీరేశం. ఊళ్లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఆయనదే. దీక్ష ఉన్న నలభై ఒక్క రోజుల మండలమంతా స్వాముల ఇండ్లల్లో భిక్ష చేసిన గుండ్రటి పొట్ట. "కొండెక్కినం, దిగినం. ఇగ తియ్యాలె. అది నేమం."

"గిది ఉన్నన్ని దినాలు నాకు నిద్ర పట్టింది గురుస్వామీ. తీస్తె పోతది."

"నాకైతె ఇది ఉన్నన్ని దినాలు నిద్రే పట్టలే," అన్నాడు వెనకనుంచి ముఠా మేస్త్రి గాలయ్య. యార్డులో హమాలీలందరి మీదా పెత్తనం అతనిది. "కన్ను మూస్తె సారా సీసనే కనవడె."

మళ్లీ నవ్వులు. కోమల పళ్లెం కింద పెట్టి ముందుకొచ్చింది.

"ఉంచుకోనియ్యుండ్రి గురుస్వామీ. ఆయన మెడ, ఆయన మాల. గని గోళీలు గూడ ఏసుకోమనుండ్రి. మీరు చెప్తెనే ఇంటడు."

వీరేశం ముఖం బిగుసుకుంది. గోళీల సంగతి అందరికీ తెలుసు. ఎండాకాలంలో మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో మనసు డాక్టరమ్మ రాసిచ్చిన రెండు రంగుల గొట్టం గోళీలు. బాగున్నా ఆపొద్దని ఆమె మరీ మరీ చెప్పింది. కానీ మాల వేసిన రోజే వీరేశం ఆ గోళీని వెలుతురుకు ఎత్తి చూసి, ఆ గొట్టం గొడ్ల ఎముకలు ఉడికించి చేస్తారని తేల్చాడు. మాంసం ముట్టనివాడు అది మింగడమేమిటని అడిగాడు. పరమేష్ ఆ రోజే మానేశాడు.

"మాతా, మాల ఏసింది నేను. మాల ఉండంగ అది నోట్ల పడితె పాపం నాకు చుట్టుకుంటది. మాలన్న ఉండాలె, గోళీలన్న ఉండాలె. రెండు కుదరయి."

"మాల," అన్నాడు పరమేష్.

అంతే. అందరూ ఇండ్లకు పోయారు. కొబ్బరిచిప్పలు ఏరుకుంటూ అండాలు ఒక్కతే చాలాసేపు సణుగుతూనే ఉంది. కోమల పళ్లెం ఎత్తుకుని ఇంటికి నడిచింది. నిజం చెప్పాలంటే ఆ మాల మీద ఆమెకు కోపం కూడా రాలేదు. ఎండాకాలమంతా గోడవైపు తిరిగి పడుకుని, పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉంచిన మనిషి, మాల పడ్డాక చీకటితో లేచి చన్నీళ్లు పోసుకున్నాడు. పాట పాడాడు. పక్కనోళ్లతో కూర్చుని తిన్నాడు. దారినపోయే ప్రతివాడూ ఆగి "స్వామీ, బాగున్నవా?" అని అడిగితే, "బాగున్న స్వామీ" అని జవాబు చెప్పాడు. రోజుకు అన్నిసార్లు బాగున్నానని చెప్తే ఎవరికైనా కొంత నమ్మకం కుదురుతుంది. గోళీల్లేకుండానే కుదిరింది. ఆమె భయమంతా, అడిగేవాళ్లు ఆగిపోతే ఏమవుతుందనే.

రెండోరోజుకే తెలిసిపోయింది.

కందుల కాలం. యార్డు నిండా కుప్పలు. కోమల, అండాలు మిగతా ఆడవాళ్లతో కలిసి చాటలు పట్టి కందులు తూర్పారబడుతున్నారు. గాలి పడితే చాట ఎత్తి వదలాలి, గాలి ఆగితే చాట ఆపాలి. పొట్టు ఎగిరి జుట్టులో, కనురెప్పల్లో చేరుతోంది. అవతల కాంటా దగ్గర హమాలీలు బస్తాలు కుడుతున్నారు. అందరూ రంగురంగుల బనియన్లలోకి మారిపోయారు. పరమేష్ ఒక్కడే నల్లగా, తెల్లారినా ఎగిరిపోవడం మరిచిన గబ్బిలంలా ఉన్నాడు.

"ఓ స్వామీ!" గాలయ్య కేకేశాడు. నిన్నటిదాకా ఆ పిలుపు వేరు. ఇవాళ అందులో సాగదీత వచ్చింది. "జర తమరు దయచేస్తె గీ బస్తా లారీ ఎక్కుతది స్వామీ! లేకుంటె అయ్యప్పనే పిలువుమంటవా?"

"వస్తున్న స్వామీ."

"నన్ను స్వామీ అంటవేందిరా! రాత్రే సగం కోడిని తిన్న!"

పరమేష్ బస్తా కింద మెడ పెట్టి లేచాడు. మాల బస్తాకూ మెడకూ మధ్య ఇరుక్కుని, పూసలు చర్మంలో దిగబడ్డాయి. దించాక అక్కడ ఎర్రటి గుంటలు కనిపించాయి. మధ్యాహ్నం అందరూ నీడన టిఫిన్లు విప్పితే కోడికూర వాసన యార్డును చుట్టేసింది. అతను దూరంగా ఒంటరిగా కూర్చుని జొన్నరొట్టె, పప్పు తిన్నాడు. ఎవరూ పిలవలేదు. పిలిచినా అతను వచ్చేవాడు కాదు, వాళ్ల కూర మైల. కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. ఒక మనిషి ఒంటరివాడు కావడానికి ఎవరూ తప్పు చేయనక్కర్లేదు.

పొద్దుగూకే వేళ కోమల అతన్ని వెతుక్కుంటూ సన్నిధానానికి పోయింది. షెడ్డులో చాపలు చుట్టి పెట్టేశారు. ఎవరో అప్పుడే యూరియా బస్తాలు తెచ్చి ఒక మూల వేశారు. పరమేష్ దీపం పెట్టుకుని, పటం ముందు కూర్చుని భజన చేస్తున్నాడు.

"స్వామియే..." అని గొంతెత్తి ఆగాడు.

మండలమంతా ఆ చోట ఇరవైమంది గొంతులు లేచేవి. ఇప్పుడు రేకులమీద ఉడత పరుగెత్తిన చప్పుడు. అతను కాసేపు చూసి, తనే మెల్లగా "శరణమయ్యప్ప" అన్నాడు. మళ్లీ పిలిచాడు. మళ్లీ ఆగాడు. మళ్లీ తనే పలికాడు.

గడప దగ్గర నిలబడ్డ కోమలకు తను పలకాలో వద్దో తెలియలేదు. మూడోసారి పలికింది. గొంతు బొంగురుపోయి, పిల్లి కూసినట్టు వచ్చింది. అతను తిరిగి చూశాడు.

"నువ్వంటె గాదు మాతా," అన్నాడు. కోపంగా కాదు. "నువ్వు ఇంటిదానివి గదా, అంటవు. వాళ్లనాలె."

ఆ మరునాడు తెల్లవారి అతను చన్నీళ్లు పోసుకోలేదు. మంచం మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. ముఖం కడగలేదు. కోమల చాయ్ ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. కాసేపటికి, వానెప్పుడొస్తుందో అడిగినట్టు, మామూలుగా అడిగాడు.

"కోమలా, రంగన్న బాయిల ఇప్పుడు నీళ్లెంత లోతున్నయ్?"

పప్పు చెరుగుతున్న ఆమె చేతిలో చాట జారింది. కందిపప్పు నేలంతా దొర్లింది. ఏరుకుంటూ, "ఎండిపోయింది," అని అబద్ధం చెప్పింది. "చుక్క లేదు. కప్పలు గూడ లేచిపోయినయ్."

అత్తను మొగుడి దగ్గర కూర్చోబెట్టి నేరుగా వీరేశం ఇంటికి పోయింది. గురుస్వామి ఇప్పుడు గళ్ల లుంగీలో, పెరట్లో వేపకొయ్య మీద మేకకాలు పెట్టుకుని కత్తితో కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకూ పొట్ట ఊగుతోంది.

"అన్నా, మల్ల గా ఆలోచనలే వచ్చినయ్ ఆయనకు. నువ్వు గోళీ ఏసుకోమని ఒక్కమాట చెప్పు. లేదంటె మీ పదిమంది పొద్దుగూకి జరసేపు షెడ్డుకాడ కూసోండ్రి. భజన గాకుంటె ముచ్చట పెట్టుండ్రి."

వీరేశం కత్తి ఆపాడు. ముఖంలో నిజంగానే బాధ ఉంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. మండలమంతా పరమేష్ కాళ్లు రోజూ మొక్కినవాడే.

"చెల్లె, మల్ల కార్తీకం దాక ఎవరి బతుకు వాళ్లది. వాళ్లు తాగి తిరుగుతుండ్రు, నేను పిలిస్తె వస్తరా? నేనైతె దేవుని మాట తప్పి గోళీ మింగుమన. మాల తీసినంక మింగమను, నేనద్దన."

"తియ్యనంటుండు గదా!"

"తియ్యనంటె ఎవరు తీపిస్తరు? ఇంట్ల పాలోళ్లు ఎవరన్న పోయి మైల వస్తె తప్ప ఆ మాల ఇగ దిగది." ఆయన ఎముక తిప్పి పెట్టుకుని మళ్లీ కొట్టాడు.

కోమల దారిలో ఆ మాటే నములుకుంటూ వచ్చింది. యార్డులో ఆ మధ్యాహ్నం, కాంటా నీడలో కూర్చోబెట్టిన మొగుడి మీద ఒక కన్నేసి చాట ఎత్తుతూ, అత్తతో చెప్పింది. అండాలు విన్నది విననట్టు రెండు చాటలు దులిపి, మూడో చాట సగంలో ఆపేసింది.

"నీ నోట్ల మన్నువడ! బతికున్నోన్ని సంపుతవానే?"

"ఉత్త మాట అత్తా. మాటకు సస్తరా ఎవరన్న? మాల తీస్తడు, గోళీ ఏసుకుంటడు. నెల దినాలైనంక, గా కబురు తప్పంట అని చెప్దాం."

అండాలు మళ్లీ చాట ఎత్తింది. పొట్టు ఎగిరింది. చాలాసేపటికి అడిగింది.

"ఎవరినని?"

అక్కడినుంచి అది కందులు చెరిగే పనిలాగే సాగింది. ఒక్కొక్కరినీ చాటలో వేసి ఎగరేసి చూశారు. అండాలు అన్న పనికిరాడు, తండ్రివైపు పాలోళ్లు పోతేనే మైల. ఆమె పెద్దబావ కొడుకు పక్క ఊళ్లోనే ఉన్నాడు, చచ్చిపోయాడని చెప్పిన పూటకే మోటార్ సైకిలేసుకుని పరామర్శకు వస్తాడు. పాలోళ్లలో కొత్తింటాయన్ని ఎంచుదామంటే ఆయన నిన్ననే యార్డులో తూకం దగ్గర లొల్లి పెట్టుకున్నాడు, ఊరంతా చూసింది. గాలి పడిపోయింది. ఇద్దరూ చాటలు దించి కూర్చున్నారు.

"పోచయ్య ఉన్నడు," అంది అండాలు నేలను చూస్తూ.

పోచయ్య ఆమె మరిది, పరమేష్ చిన్నాయన. బొంబాయిలో బిల్డింగుల పని. ఊరికి రాక ఎన్నేండ్లయిందో ఎవరూ లెక్క పెట్టలేదు. ఉన్నాడో లేడో అడిగేవాళ్లు లేరు, అసలు అతను గుర్తున్నవాళ్లే తక్కువ. చనిపోయాడని చెప్పడానికి ఇంతకంటే అనువైన మనిషి ఊరు మొత్తం మీద దొరకడు.

"మా మేనత్త కొడుకు మల్లేష్ ఆడనే ఉంటడు గదా, ఆయన ఫోన్ చేసిండని చెప్తా," అంది కోమల. "ఆడున్నోళ్లే కాలవెట్టిన్రంట అని."

అండాలు కొంగుతో కండ్లలో పొట్టు తుడుచుకుంది. వద్దని అనలేదు.

సాయంత్రం చెప్పారు. కోమల చెప్తుంటే పరమేష్ నోరు కొద్దిగా తెరిచి, వింటున్నవాడిలా కాకుండా ఏదో లెక్క వేస్తున్నవాడిలా చూశాడు. తర్వాత మెడకు చేతులు పెట్టుకుని మాల తనే తీశాడు. కొబ్బరికాయ లేదు, మంత్రం లేదు. తల్లి చేతిలో పెట్టి, గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు.

కోమల ఇంత ఏడుపు అనుకోలేదు. ఎండాకాలమంతా అతని కంట్లో చుక్క రాలేదు. ఇప్పుడు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. గాలయ్య వచ్చి, "ఊకో పరమేషూ, ఊకోరా," అని వీపు నిమిరాడు. వీరేశం వచ్చాడు. చావు కబురు విని వచ్చినవాళ్లు తిన్నగా పోరు కాబట్టి అరుగుమీద కూర్చుని చాయ్ తాగి, పోచయ్య చిన్నప్పుడు చింతచెట్టు మీదనుంచి పడ్డ కథ చెప్పుకున్నారు. ఒక్కొక్కరి నోట్లో ఆ చింతచెట్టు ఇంకొంచెం ఎత్తు పెరిగింది.

పదిమంది ముందు ఏడవకపోతే బాగుండదని అండాలు కూడా గొంతెత్తింది. మొదలుపెట్టింది ఉత్త రాగమే. "ఓ పోచయ్యా, ఓ నా మరిదీ..." అని రెండు మూడు విసుర్లు విసిరింది. అంతలో రాగం దానంతటది దారి తప్పింది.

"పిచ్చిలేసిందని ఊరోళ్లంటె... సద్ది గట్టి బస్సెక్కిస్తి గదరా... మల్ల రాకుమంటి గదరా... నా చేతులు ఇరగ..."

అరుగుమీది ముచ్చట్లు ఆగిపోయాయి. అండాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ, ఏడుపు ఆపలేకపోయింది.

ఆ గడబిడలోనే కోమల గోళీ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. అతను దాన్ని చూడకుండానే మింగి నీళ్లు తాగాడు. ఆమె లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని, మంట సరిచేస్తున్నట్టు, ఎవరికీ కనపడకుండా నవ్వుకుంది. పని అయింది. మర్నాడూ మింగాడు. ఆ మర్నాడూ. కానీ రొట్టె తినలేదు. ఏమయ్యా అంటే, "నేనే ఎత్తలే," అన్నాడు. ఏమెత్తలేదో చెప్పలేదు.

మూడొద్దుల నాడు పిట్టకు పెట్టాలి. శవం లేకపోయినా పిట్టకు పెట్టకుండా ఉండకూడదని పాలోళ్ల ముసలామె అరుణమ్మ పట్టుబట్టింది. ఊరి బయట తుమ్మల మధ్య బండ మీద విస్తరి పరిచారు. జొన్నరొట్టె, మాంసం కూర, ఒక దొప్పలో కల్లు, ఒక బీడీ. చచ్చినవాడికి ఏది ఇష్టమో అది పెడితే కాకి వచ్చి ముట్టుకుంటుంది. ముడితే అతను తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలినట్టు.

అందరూ దూరంగా జరిగి కూర్చున్నారు. "కా... కా..." అని అరుణమ్మ పిలిచింది.

కాకులు లేకపోలేదు. తుమ్మకొమ్మల నిండా ఉన్నాయి. ఒకటి బండ చివర వాలి, విస్తరి వైపు మెడ వంచి చూసి, ఇది మనది కాదన్నట్టు ఎగిరిపోయింది. ఎండ ఎక్కుతోంది. కూరమీద ఈగలు ముసిరాయి. కోమల కాకులను, అత్తను మార్చి మార్చి చూస్తోంది. అండాలు కండ్లు మూసుకుని కూర్చుంది. బతికున్నవాడి కూడు కాకి ఎట్లా ముడుతుందని ఇద్దరికీ ఒకటే భయం.

"మనసుల ఏదో వెట్టుకొని పోయిండు," అంది అరుణమ్మ. "అడుగుండ్రి. మాటియ్యుండ్రి. ముడ్తది."

"పోచయ్యా! నీ భూమి చెక్క నీ పేరు మీదనే ఉంటది!" అని ఒక పాలోడు అరిచాడు. కాకి కదలలేదు.

"పోచన్నా! చిన్నప్పుడు నిన్ను పిచ్చోడా అని రాయివెట్టి కొట్టింది నేనే! తప్పయింది!" గాలయ్య చేతులు జోడించాడు. కదలలేదు.

అప్పుడు పరమేష్ లేచాడు. బండ దగ్గరికి పోయి విస్తరి ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు.

"చిన్నాయినా. నా మీదనే నీ కోపం. నాకెరుక." గొంతు మామూలుగా ఉంది. యార్డులో తూకం చెప్తున్నట్టు. "మాల ఏసుకునే నాడు ఫోన్ బంద్ వెట్టి పెట్టెల ఏసిన. నీకు చెప్పలే. నువ్వు ప్రతి ఐతారం చేస్తుంటివి. నువ్వు చేసినవు, చేసినవు, ఆడ ఎవ్వలు లేరు నీకు. నేనే ఎత్తలే."

కోమల తల తిప్పి చూసింది. ఆదివారం పొద్దుగూకినప్పుడు మొగుడు గోడ పక్కకు పోయి ఫోన్లో మాట్లాడటం ఆమెకు తెలుసు. లారీవాళ్లతో అనుకునేది.

"ఎండకాలం నేను రంగన్న బాయి గట్టెక్కిన నాడు నీకొక్కనికే చెప్పిన. అమ్మకు చెప్పలే, కోమలకు చెప్పలే. గట్టుమీద ఉన్నప్పుడే నీ ఫోన్ వచ్చె. నువ్వు వద్దనలే, తిట్టలే. ముచ్చట వెట్టినవు. బొంబాయిల చేపలు బస్సెక్కి టికెటు తీసుకుంటయన్నవు. ఒక చేప చిల్లర లేదని కండక్టరుతోని లొల్లి వెట్టుకుందన్నవు. ముప్పై అంతస్తుల మీదికెళ్లి సిమెంటు తట్ట జారితె, అది కిందవడేలోపల నువ్వు మెట్లు దిగి పట్టుకున్ననన్నవు. నాకు నవ్వొచ్చింది చిన్నాయినా. నవ్వుకుంట గట్టుమీద కూసునుడు కష్టమైతదని దిగిన. దిగినంక గూడ నువ్వు ఫోన్ పెట్టలే. చార్జింగు అయిపోయేదాక అబద్ధాలే చెప్పినవు."

గాలయ్య తలకు కట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఇగ నాకెవరు చెప్తరు?" అన్నాడు పరమేష్ విస్తరితో. "ముట్టు చిన్నాయినా. నేను గూడ నీ ఎనకనే..."

"ఆయన సావలే!"

కోమల గొంతు తుమ్మల్లో కాకులన్నిటినీ లేపింది. ఆమె లేచి నిలబడింది.

"ఆయన సావలే. మల్లేష్ ఫోన్ చెయ్యలే. నేనే చెప్పిన. మాల తీస్తవని, గోళీ ఏసుకుంటవని... నాకేమెరుక, గా మనిషే నిన్ను..."

ముందు అరుణమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. తర్వాత వీరేశం లేచి, "దేవుని మాలతోని ఆటలా! మైల అని అబద్ధమా!" అని అరిచాడు. "గీ పాపం ఏడ కడుగుతవే?"

"నువ్వు గోళీ ఏసుకోమంటె గీ గోస ఉండకపోవు!" అంది అండాలు కూర్చున్న చోటునుంచే. "కడుగుతె అందరం కల్సి కడుక్కుందాం. నువ్వు గూడ రా."

పరమేష్ పెళ్లాం వైపు చూశాడు. కొడతాడేమో అనుకున్నారు. అతను ఊరివైపు నడిచాడు. నడక కాదు, పరుగు. కోమల వెనక ఉరికింది. బావి తోవ చీలేచోట ఆమె ఇంకా జోరు పెంచింది. అతను ఇంటి తోవ పట్టాడు.

ఇంట్లో తలుపు వెనక గోడమీద బొగ్గుతో రాసిన నంబరు ఉంది. కోమల ఎన్నిసార్లు సున్నం వేద్దామనుకున్నా అతను వద్దనేవాడు. పెట్టెలోని ఫోనులో చార్జింగు లేదు. కోమల తన ఫోను ఇచ్చింది. అతను రెండుసార్లు తప్పు నొక్కాడు. ఆమె తీసుకుని నొక్కి, ఇద్దరూ వినేట్టు పెట్టింది. అండాలు, గాలయ్య గడప దాకా వచ్చి ఆగారు.

మోగింది. చాలాసేపు మోగింది. తర్వాత కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడు, దాని మధ్య ఒక బొంగురు గొంతు.

"ఎవలు?"

పరమేష్ ఫోనుకు ఇంకా దగ్గరగా వంగాడు.

"అరే ఎవలంటున్న! లోను గావాల్నంటె నాకద్దు, ఈ బిల్డింగంత నాదే!"

"చిన్నాయినా."

మిల్లరు చప్పుడు దూరమైంది. మనిషి పక్కకు నడిచినట్టున్నాడు.

"పరమేషూ! ఏమైపోయినవురా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా? గా చేప ముచ్చటకు కోపమొచ్చిందా?"

"లే చిన్నాయినా. మాల ఏసుకున్న. ఫోన్ బంద్ వెట్టిన. చెప్పకుంట వెట్టిన." అతను గట్టిగా ఊపిరి పీల్చాడు. "నువ్వు సచ్చిపోయినవని చెప్పిన్రు చిన్నాయినా. మాయింటోళ్లే, మాల తీపియ్యనీకె చెప్పిన్రు. ఇయ్యాల పిట్టకు పెట్టినం."

కోమల కండ్లు మూసుకుంది. తిట్టు కోసం ఎదురుచూసింది. ఏ తిట్టయినా సరే.

"ముట్టిందా?" అన్నాడు పోచయ్య.

"ముట్టలే."

"ఎట్ల ముడ్తదిరా! నేనింక ఇయ్యాల అన్నమే తినలే, నాకంటె ముందు అదెట్ల తింటది?" నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక గొంతు చిన్నదైంది. "ఎవరెవరేడ్చిన్రురా?"

"నేనేడ్చిన."

"నువ్వేడుస్తవు తీయ్. ఇంకా?"

"అమ్మ ఏడ్చింది."

"అబద్ధాలు నేను చెప్పాలె, నువ్వు చెప్పొద్దు."

"ఒట్టు చిన్నాయినా. బస్సెక్కించిన ముచ్చట చెప్పుకుంట ఏడ్చింది. గాలయ్య ఏడ్చిండు. అరుగు నిండ కూసున్నరు జనం. నువ్వు చింతచెట్టు మీదికెళ్లి పడ్డ కథ చెప్పుకున్నరు."

"ఎంత ఎత్తన్నరు చెట్టు?"

"గుడి గోపురమంత."

"తక్కువ చెప్పిన్రు," అన్నాడు పోచయ్య. "గంతమంది వచ్చిన్రా నాకు..."

అతన్ని ఎవరో హిందీలో పిలిచారు. పలకలేదు.

"దినాలెప్పుడు చేస్తుండ్రు?"

పరమేష్ కోమల వైపు చూశాడు. ఆమె ఫోను దగ్గరగా లాక్కుని, "మామా, నేను కోమలను. తప్పయింది మామా," అంది.

"తప్పేందమ్మా, నువ్వు సంపినవు గనుకనే గంతమంది యాది చేసుకున్నరు. నేనీడ సస్తె ఎవ్వలికి తెలుస్తుండె? దినాలు చెయ్యుండ్రి. మేకను గొయ్యుండ్రి. నేనొస్త. నా దినాలకు నేను రావొచ్చు గదా?"

"రా మామా."

"వస్త," అన్నాడు. వెంటనే అడిగాడు, ఇంతసేపూ ఈ ఒక్క మాటకోసమే చుట్టూ తిరిగినట్టు. "వచ్చినంక... తిన్నంక... మల్ల సద్ది గట్టరు గదా, వదినె?"

ఆమె గడపలో ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

అందరూ అండాలు వైపు తిరిగారు. ఆమె నోరు తెరిచింది. వెనక వాకిట్లో అప్పటికే ఊరివాళ్లు పోగవుతున్నారు, తప్పు చేసిన ఇంటిని చూడటానికి. ఆమె వాళ్లను చూసింది, కొడుకును చూసింది, మళ్లీ వాళ్లను చూసింది. నోరు తెరిచే ఉంది. పరమేష్ తల్లి ముఖం మీదనుంచి చూపు తీయకుండా, ఫోను ఆమె వైపు చాపి పట్టుకుని నిలబడ్డాడు.

అవతల మిల్లరు మళ్లీ తిరగడం మొదలైంది. పోచయ్య మాత్రం ఫోను పెట్టలేదు.